మూడు భాషల్లో మాట వినడం

బళ్ళారి జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసిన రెండేళ్లకు నాకు ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం వచ్చింది. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మద్రాసు ప్రభుత్వం ఇచ్చిన సర్టిఫికెట్లు, మైసూరు ప్రభుత్వం పంపిన ఆర్డరు పట్టుకుని, తెలుగు మాట్లాడే ఇంట్లోంచి బయలుదేరి, కన్నడం మాట్లాడే హెడ్మిస్ట్రెస్ ముందు నిలబడి ఇంగ్లీషులో గుడ్ మార్నింగ్ చెప్పాను. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, కన్నడం వచ్చా అని అడిగింది. మాట్లాడతాను గానీ రాయలేనన్నాను. రెండేళ్లలో డిపార్టుమెంటు కన్నడ పరీక్ష ప్యాసు కాకపోతే ఇంక్రిమెంటు ఆగిపోతుందని చెప్పి కూర్చోమంది.

బడిలో సగం క్లాసులు తెలుగువి, సగం కన్నడానివి. ఇంగ్లీషు మాత్రం అందరికీ సమానంగా రాదు. హెడ్మిస్ట్రెస్ పాత మైసూరు వైపు మనిషి. నలభై దాటిన వితంతువు. తెల్లటి చేనేత చీర, ఇస్త్రీ మడత చెదరకుండా కట్టుకునేది. సత్యనారాయణపేటలో ఒక అద్దె ఇంట్లో తల్లితో కలిసి ఉండేది. క్రమశిక్షణ అంటే ఆవిడకు ప్రాణం. గంట కొట్టాక వరండాలో ఒక్క జడ కనపడినా ఊరుకునేది కాదు.

నేను చేరిన మొదటి ఏడాదే ఇన్‌స్పెక్ట్రెస్ తనిఖీకి వచ్చింది. నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని కాసేపు విని, లేచి వచ్చి పిల్లలకు ప్రశ్నలు వేసింది.

"ఒబీడియెంట్ అంటే అర్థం ఏమిటి?"

ఎవరూ చెయ్యెత్తలేదు. చివరికి ఒక పిల్ల లేచింది. తుంగభద్ర కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతుల క్యాంపు ఒకటి ఊరికి దూరంగా ఉండేది. ఈ పిల్ల అక్కణ్ణుంచి రోజూ బస్సులో వచ్చేది. పదహారేళ్లు, గట్టి గొంతు. తెలియదని చెప్పడం ఆ పిల్లకు తెలియదు.

"సంతకం అండి" అంది.

"సంతకమా?"

"అవునండి. సెలవు చీటీలో ఆ మాట రాసేశాక కింద సంతకం పెడతామండి."

ఇన్‌స్పెక్ట్రెస్ నవ్వింది. హెడ్మిస్ట్రెస్ నవ్వలేదు. నాకు నవ్వొచ్చింది గానీ ఎవరిని చూసి నవ్వాలో తెలియక ఆపుకున్నాను.

మర్నాడు ఉదయం నాకు పిలుపు వచ్చింది.

"ఏన్రీ ఇది? పదో తరగతి పిల్లకు విధేయత అంటే ఏమిటో తెలియదా?" అంది హెడ్మిస్ట్రెస్ కన్నడంలో.

"మాట తెలియదు మేడం. అలవాటు ఉంది" అన్నాను.

ఆవిడకు ఆ జవాబు నచ్చలేదు. విధేయతకు సంబంధించిన ఇంగ్లీషు మాటలన్నీ ఏరి, ఒక్కోదానికి కన్నడంలో, తెలుగులో అర్థాలు రాసి, వరండాలో పెద్ద బోర్డు మీద పెట్టమంది. రోజూ ప్రార్థన అయ్యాక పిల్లలు అవి చదవాలట. వాటికి వ్యతిరేకమైన మాటలు కూడా రాయమంది.

"అవెందుకు మేడం?"

"చెడ్డది ఏదో తెలిస్తేనే గదా దానికి దూరంగా ఉండేది?"

ఆవిడ తర్కంలో అప్పుడు నాకు లోపం కనిపించలేదు.

మా నాన్న తాలూకా కచేరీలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. 'యువర్ మోస్ట్ ఒబీడియెంట్ సర్వెంట్' అని ఆయన ఎన్ని వేలసార్లు రాసి ఉంటాడో లెక్క లేదు. ఇంట్లో మాత్రం మా అమ్మ చెప్పిన పని ఒక్కటీ చేసి ఎరగడు. నాకు ఇలాంటి పని అప్పగించారని తెలియగానే, అట్టలు ఊడిన తన డిక్షనరీ బయటికి తీశాడు. ఒక ఆదివారమంతా తండ్రీకూతుళ్లం కూర్చుని మాటలు ఏరాం. ఒబే, కంప్లై, సబ్మిట్, యీల్డ్, డ్యూటిఫుల్, డోసైల్, మీక్ అని విధేయత వైపు పద్నాలుగు మాటలు వచ్చాయి. రెండో వైపు డిసొబే, డిఫై, రెసిస్ట్, రెబెల్, ఇంపర్టినెంట్ అని మొదలుపెడితే ఇరవై రెండుకు చేరాయి. మా నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుని, "తెల్లోళ్లకు మాట వినకపోవడంలోనే అనుభవం ఎక్కువ ఉన్నట్టుంది" అన్నాడు.

ఇక అర్థాలు. మా బడిలో తెలుగు పండితుడు, కన్నడ పండితుడు ఒకే గదిలో వీపులు తిప్పుకుని కూర్చునేవారు. జిల్లా ఆంధ్రకు పోవాలా మైసూరుకు పోవాలా అన్న గొడవ నాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. నేను కాగితం పట్టుకుని ఆ బల్ల నుంచి ఈ బల్లకు తిరిగాను. తెలుగాయన 'విధేయత' అన్నాడు. కన్నడాయన 'విధేయతె' అన్నాడు. తెలుగాయన 'ధిక్కారం' అంటే కన్నడాయన 'ధిక్కార' అన్నాడు. 'ఒబే' దగ్గరికి వచ్చేసరికి తెలుగాయన కాస్త ఆలోచించి, "మాట వినడం, అంతేనమ్మా" అన్నాడు. కన్నడాయన కూడా "మాతు కేళువుదు" అన్నాడు. రెండూ ఒకటే. ఇంగ్లీషువాడికి వినడం వేరు, లోబడడం వేరు. మనకు చెవిన పడితే చాలు, లోబడినట్టే. అయితే కన్నడంలో ఆ 'కేళు' అనే మాటకు అడగడం అని కూడా అర్థం ఉంది. ఆ సంగతి చెప్పి కన్నడాయన కొంచెం గర్వంగా నవ్వాడు. పక్క బల్ల మీది తెలుగాయన అది విని, విననట్టు పుస్తకం తిరగేశాడు.

బోర్డు తయారయింది. మూడు నిలువు వరసలు, ముప్పై ఆరు మాటలు. పిల్లలు విధేయత వైపు మాటలు ప్రార్థన పాటలాగా అప్పజెప్పేవారు. రెండో వైపు మాటలు మాత్రం ఎవరూ అడగకుండానే వాడేవారు. క్యాంపు పిల్లకు 'డిఫై' తెగ నచ్చింది. "టిఫిన్ తినమంటే మా అమ్మని డిఫై చేసి వచ్చానండి" అనేది. ఒకరి పెన్సిలు ఒకరు తీసుకుంటే 'ఇన్సొలెంట్' అని అరుచుకునేవారు. హెడ్మిస్ట్రెస్ ఇదంతా చూసి, ఇంగ్లీషు బాగుపడుతోందని సంతోషించింది.

మా బడిలో ఒక ఆయా ఉండేది. యాభై ఏళ్లుంటాయి. కౌల్‌బజారు మనిషి, వాళ్లది తరతరాలుగా కూలిపని చేసిన తెలుగు కుటుంబం. గంట కొట్టడం, గదులు ఊడవడం, కుండల్లో నీళ్లు నింపడం ఆమె పనులు. ఇవి కాక మధ్యాహ్నం ఎండలో సత్యనారాయణపేటకు నడిచిపోయి హెడ్మిస్ట్రెస్ ఇంటి నుంచి అన్నం క్యారియరు తెచ్చేది. అది ఆమె పనుల జాబితాలో లేదు. లేదని ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు.

ఒకరోజు ఆమె క్యారియరు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లింది. సగం దూరం పోయాక, హెడ్మిస్ట్రెస్ తల్లి చెప్పమన్న మాట ఏదో గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. తలుపు వారగా ఉంది. లోపల హెడ్మిస్ట్రెస్ గ్లాసులో నీళ్లు తీసుకుని క్యారియరు మీద చల్లి, పిడిని రెండుసార్లు కడిగి, తెల్లగుడ్డతో తుడిచి, అప్పుడు మూత తీసింది. ఆయా చూసింది. చెప్పాల్సిన మాట చెప్పకుండానే తిరిగి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం గంట కొట్టి మెట్ల మీద కూర్చుంది. హెడ్మిస్ట్రెస్ పది నిమిషాలు చూసి బయటికి వచ్చింది. నేను స్టాఫ్ రూం గడపలో ఉన్నాను.

"క్యారియరు ఏది?" అంది కన్నడంలో.

"తేలే" అంది ఆయా తెలుగులో.

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పల్ల? తేను. అంతే."

"రేపు?"

"రేపూ తేను."

హెడ్మిస్ట్రెస్ ఆ రోజు అన్నం తినలేదు. రెండోరోజు, మూడోరోజు కూడా అంతే. నాలుగోరోజు ఆయాకు మెమో ఇచ్చింది. ప్రభుత్వ వ్యవహారం కాబట్టి ఇంగ్లీషులో టైపు చేయించింది. ఆయాకు ఏ భాషలోనూ చదవడం రాదు కాబట్టి ఇంగ్లీషు వల్ల ప్రత్యేకంగా నష్టమేమీ లేదు.

సాయంత్రం బడి వదిలాక ఆమె ఆ కాగితం తీసుకుని నా క్లాసుకు వచ్చింది. పిల్లలంతా వెళ్లిపోయారు. చేతిలోని చీపురు గోడకు ఆనించి, కొంగుకు చేతులు తుడుచుకుని కాగితం నా ముందు పెట్టింది.

"ఏం రాసిండాది టీచరమ్మా?"

చదివాను. ఇన్‌సబార్డినేషన్, ఇన్సొలెన్స్, విల్‌ఫుల్ డిసొబీడియెన్స్ అని మూడు నేరాలు ఉన్నాయి. మూడూ నా బోర్డు మీది మాటలే. నేను ఏ వరసలో రాశానో అదే వరసలో దిగి ఉన్నాయి.

"నువ్వు మాట ఇనలేదని రాసినారు" అన్నాను.

"అంతేనా? దానికి ఇంత కాగితమా?"

"ఆ మాటే మూడు రకాలుగా రాసినారు."

"మూడుసార్లు తిట్టింది అన్నమాట." ఆమె బెంచీ చివర కూర్చుంది. "సరే, ఇప్పుడు ఏం చెయ్యల్ల?"

"ఏడు దినాల్లో జవాబు ఇయ్యల్ల."

"ఏడు దినాలెందుకు? ఇప్పుడే రాయి. తేనని రాయి."

నాకు రాయాలని లేదు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. కానీ ఆ మాటలు ఏరి బోర్డు మీద పెట్టింది నేను. ఆ కాగితం పట్టుకుని ఇంకెవరి దగ్గరికైనా పొమ్మని ఆమెతో చెప్పలేకపోయాను. తెల్లకాగితం తీసి మొదలుపెట్టాను. తగిన గౌరవంతో, అత్యంత వినమ్రంగా తమ సముఖానికి మనవి చేసుకొనునది ఏమనగా అని ఇంగ్లీషులో నాలుగు వరసలు రాశాను. తమరి ఆజ్ఞను పాలించలేకపోతున్నందుకు విచారిస్తున్నానని ఇంకో మూడు వరసలు.

"ఏం రాస్తాండావు అంత పొడుగ్గా?"

చదివి తెలుగులో చెప్పాను.

"నేను ఎప్పుడంటి అట్ల? అణిగి మణిగి ఉండానని నేను అన్యానా?"

"కాగితంలో అట్లే రాయల్ల. అది పద్ధతి."

"పద్ధతా? తేను అనేదానికి మొదలు కాళ్లు మొక్కేది పద్ధతా?" ఆమె కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. "సరే, ఎందుకు తేనో రాస్తివా?"

"రాసినా. అనివార్య పరిస్థితుల వల్ల అని."

"అంటే?"

"తప్పనిసరి ఇబ్బంది ఉండాదని."

"నాకేం ఇబ్బంది? నాకు కాళ్లు బాగుండాయి. నేను ముట్టుకున్యాది కడుక్కొని తినేటట్టయితే, నన్ను తెమ్మనేదెందుకు? ఆ మాట రాయి."

అప్పటిదాకా ఆమె ఎందుకు మానేసిందో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. తలుపు దగ్గర చూసినదంతా అప్పుడే చెప్పింది. చెప్పి, "రాస్తావా లేదా?" అంది.

ముప్పై ఆరు మాటల పట్టికలో ఈ సంగతికి సరిపడే మాట ఒక్కటీ లేదు. మా నాన్న డిక్షనరీలో కూడా ఉండదని తెలుసు. చివరికి మూడో తరగతి పిల్లకైనా వచ్చే ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాశాను. నేను ముట్టుకున్నది ఆవిడ కడుగుతుంది, కాబట్టి నేను తేను. చదివి చెప్పాను. తలాడించింది.

ఇక చివర సంతకం. అలవాటు కొద్దీ 'యువర్ మోస్ట్ ఒబీడియెంట్ సర్వెంట్' అని రాశాను. అదేమిటని అడిగింది. చెప్పాను.

"కొట్టెయ్."

కొట్టేసి 'యువర్స్ ట్రూలీ' అని రాశాను. అర్థం అడిగింది. నిజంగా మీదాన్ని అని చెప్పాను.

"ఆయమ్మదాన్ని నేనెట్లయితా? అదీ కొట్టెయ్."

రెండూ కొట్టేసిన చోట కింద ఆమె బొటనవేలి ముద్ర వేసింది. నా ఫౌంటెన్ పెన్ను సిరాతోనే వేలు తడిపింది. అంత విచిత్రమైన అధికారిక ఉత్తరం నా జన్మలో మళ్లీ రాయలేదు. పైన ఏడు వరసల దాసోహం, నడుమ ఒక్క వాక్యం నిజం, అడుగున రెండు కొట్టివేతలు.

మర్నాడు పదకొండు గంటలకు హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిచింది. బల్ల మీద ఆ ఉత్తరం ఉంది. అక్షరాలు ఎవరివని అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు, ఆ చేతిరాతే వరండాలో మూడు వరసల్లో ఉంది. ఆవిడ మొహం ఎర్రబడలేదు, తెల్లబడింది. "యు మే గో" అని మాత్రం అంది. మధ్యాహ్నానికి నాకూ మెమో వచ్చింది. కింది ఉద్యోగి ధిక్కారానికి తోడ్పడ్డానట. ఈసారి వాడిన 'అబెట్' అనే మాట బోర్డు మీద లేనిది. నా తర్వాత ఆవిడ కూడా డిక్షనరీ చూసినట్టుంది.

ఆ సాయంత్రం ఇంట్లో మా నాన్నకు చూపించాను. కోప్పడతాడనుకున్నాను. కానీ ఆయన మొహం వెలిగిపోయింది. రిటైరయ్యాక మళ్లీ తన విద్యకు పని పడింది. కుర్చీ లాక్కుని కూర్చుని, "రాసుకో" అన్నాడు. ఒక పేజీ నిండా చెప్పాడు. బేషరతుగా క్షమాపణ, అనుభవం లేకపోవడం వల్ల జరిగిన పొరపాటు, మళ్లీ జరగదన్న హామీ, తమరి దయాదాక్షిణ్యాలు. అక్షరం పొల్లుపోకుండా రాశాను. కింద సంతకం పెట్టే ముందు 'యువర్ మోస్ట్ ఒబీడియెంట్ సర్వెంట్' అనే ఆ నాలుగు మాటలూ రాశాను. ఏదీ కొట్టెయ్యలేదు.

ఆయాకు ఈ సంగతి ఎలాగో తెలిసింది. మర్నాడు కుండలో నీళ్లు పోస్తూ, "నీకూ కాగితం ఇచ్చినారంట గదా?" అంది.

"ఇచ్చినారు."

"జవాబు రాస్తివా?"

"రాసినా."

"ఏం రాస్తివి? చదివి చెప్పు, వింటా."

ఆమె ఉత్తరం ఆమెకు నాలుగుసార్లు చదివి వినిపించినదాన్ని నేను. నా ఉత్తరం నకలు నా సంచీలోనే ఉంది. "ఇంట్లో పెట్టినా" అన్నాను. ఆమె నా మొహం చూసి చెంబు కుండ మీద బోర్లించి వెళ్లిపోయింది. మళ్లీ అడగలేదు. ఆ తర్వాత చాలా రోజులు నన్ను మామూలుగానే పలకరించింది, అదే నాకు కష్టంగా ఉండేది.

క్యారియరు రావడం మానేసింది. హెడ్మిస్ట్రెస్ ఉదయం ఇంట్లోనే తిని వచ్చి సాయంత్రం దాకా కాఫీ కూడా లేకుండా కూర్చునేది. ఆయా మీద ఫైలు నడుస్తూనే ఉంది, ఆమె ఎందుకు మానేసిందో బడంతా తెలిసిపోయింది. అలా రెండు నెలలు గడిచేసరికి ఇన్‌స్పెక్ట్రెస్ మళ్లీ వచ్చింది.

ఆవిడ ముందు వరండాలో బోర్డు చూసి చాలా మెచ్చుకుంది. నా క్లాసుకు వచ్చి, పోయినేడు సంతకం అని చెప్పిన పిల్ల ఏదని నవ్వుతూ అడిగింది. క్యాంపు పిల్ల లేచింది.

"డిఫై అనే మాటతో ఒక వాక్యం చెప్పు."

పిల్లకు అంతకన్నా ఇష్టమైన ప్రశ్న లేదు. చేతులు కట్టుకుని, గొంతు సవరించుకుని, స్వచ్ఛమైన ఇంగ్లీషులో చెప్పింది. అవర్ ఆయా డిఫైడ్ అవర్ హెడ్మిస్ట్రెస్.

వ్యాకరణంలో తప్పు లేదు. హెడ్మిస్ట్రెస్ కిటికీ పక్కన నిలబడి బయటికి చూస్తోంది. ఇన్‌స్పెక్ట్రెస్ "ఇంకో వాక్యం చెప్పు" అంది.

"షి వజ్ రైట్ అండి" అంది పిల్ల.

ఆ మధ్యాహ్నం ఇన్‌స్పెక్ట్రెస్ ఫైలు తెప్పించుకుంది. ఆయాను పిలిచింది, తర్వాత నన్ను పిలిచింది. ఆయా లోపల ఏం చెప్పిందో తలుపు బయట ఉన్న నాకు వినపడుతూనే ఉంది. ఉత్తరంలో ఉన్నదే చెప్పింది, వినమ్రంగా అనే ముక్క తప్ప. నన్ను మాత్రం ఇన్‌స్పెక్ట్రెస్ ఆయా ఉత్తరం చూపించి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ఇది నీవు రాసిందేనా?"

"అవును మేడం."

"ఇది కూడా?" అని నా క్షమాపణ ఉత్తరం చూపించింది. దానికీ అవుననే చెప్పాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి కాసేపు చూసింది. ఏమైనా అని ఉంటే బాగుండేది.

నెల తిరక్కుండా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆయా మీద చర్య అవసరం లేదు. సొంత పనులకు సిబ్బందిని వాడుకున్నందుకు హెడ్మిస్ట్రెస్ సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఆ కాగితం వచ్చిన రోజు హెడ్మిస్ట్రెస్ నన్ను సాయంత్రం ఇంటికి రమ్మంది. సత్యనారాయణపేటలో సన్నటి సందు, నీలం రంగు తలుపు. ముందు గదిలో చాప పరిచి ఉంది. కూర్చున్నాను. ఆవిడ తల్లి లోపల్నుంచి వచ్చింది. చిన్న మనిషి, వంగిన నడుము, చురుకైన కళ్లు. నన్ను చూసి, మీరు ఏ జనం, అంటే ఏ కులం, అని కన్నడంలో అడిగింది. చెప్పాను. తల ఊపి లోపలికి పోయి కాఫీ తెచ్చింది. అందరూ తాగే గ్లాసు కాదది. గూట్లో విడిగా బోర్లించి ఉన్న ఇత్తడి గ్లాసు. నా చేతికి ఇవ్వకుండా నేల మీద, చాప అంచుకు అవతల పెట్టింది.

అప్పటిదాకా అది ఆయా సంగతి అనుకున్నాను. న్యాయం పక్షాన ఉత్తరం రాసి పెట్టిన మంచిదాన్ని నేను, అంతే అనుకున్నాను. గ్లాసు తీసుకుని తాగాను. కాఫీ చాలా బాగుంది.

హెడ్మిస్ట్రెస్ చూస్తూనే ఉంది. తల్లి లోపలికి వెళ్లాక, గొంతు తగ్గించి ఇంగ్లీషులో చెప్పింది. ఆ భాష తల్లికి రాదు. తాను ఇరవై ఏళ్లకే భర్త పోయి పుట్టింటికి వస్తే, అందరూ తల గొరిగించమన్నారట. ఈ తల్లే అడ్డం పడి, చదివించి, ఉద్యోగానికి పంపిందట. తాను మడి తప్పనని ఆ రోజు తల్లికి మాటిచ్చిందట.

"ఆమెను నేను ఎప్పుడూ డిసొబే చెయ్యలేదు" అంది. ఆ మాట వాడినందుకు తనకే సిగ్గేసినట్టు ఆగింది. తర్వాత, "ఆయా చూసిందని నాకు తెలియదు" అంది.

"చూడకపోతే మేడం?" అన్నాను. ఆ ఉద్యోగంలో నేను ఆవిడను ఎదిరించి అన్న మాట అదొక్కటే. అదీ ప్రశ్న రూపంలో.

ఆవిడ బల్ల మీది కాగితాలు నా వైపు జరిపింది. సంజాయిషీ రాసి పెట్టమంది. ఇంగ్లీషు తనకూ వచ్చు గానీ, చెయ్యి ఆడడం లేదంది. ఏం రాయమంటారని అడిగాను. "నీకు తెలుసుగా ఎలా రాయాలో" అంది.

తెలుసు. ఆయాకు రాశాను, నాకు రాసుకున్నాను, ఇప్పుడు ఆవిడకు. తగిన గౌరవంతో మొదలుపెట్టి, అత్యంత వినమ్రంగా నడిపించి, ఇంటి పరిస్థితుల వల్ల అని ముడివేశాను. ఆవిడ చదివి, ఇంటి పరిస్థితులు అన్నచోట గీత పెట్టి కొట్టేసింది. పైన తన చేత్తో 'నా తప్పు' అని రాసింది. ఇంగ్లీషులో రెండే మాటలు. తర్వాత దాన్ని శుభ్రంగా నకలు రాసి సంతకం చేసింది. నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది ఆ క్షణంలోనే. నా ఉత్తరంలో అటువంటి పొట్టి వాక్యం ఒక్కటీ లేదు.

అది మొదలు ఆవిడ క్యారియరు తానే మోసుకొచ్చేది. ఇస్త్రీ చీరలో, గొడుగు ఒక చేత, క్యారియరు ఒక చేత, బజారులో జనం చూస్తుండగా నడిచి వచ్చేది. నీళ్లు చల్లడం మానిందో లేదో నాకు తెలియదు. తలుపు మూసుకుని తినేది. నాకు మాత్రం రోజూ సాయంత్రం అరగంట కన్నడం రాయడం నేర్పడం మొదలుపెట్టింది. అందుకు కారణం చెప్పలేదు, నేనూ అడగలేదు. పరీక్షలో మొదటిసారి తప్పాను. రెండోసారి గట్టెక్కాను.

ఇన్‌స్పెక్ట్రెస్‌కు బోర్డు బాగా నచ్చిందని చెప్పాను కదా. ఆవిడ నివేదికలో రాసిందట. మరుసటి ఏడాది ఆ పట్టిక సైక్లోస్టైల్ అయి జిల్లాలోని హైస్కూళ్లన్నిటికీ వెళ్లింది. మా బడికీ ఒక కట్ట వచ్చింది. విప్పి చూస్తే విధేయత వైపు పద్నాలుగు మాటలే ఉన్నాయి. రెండో వైపు ఇరవై రెండు మాటలూ ఎక్కడో దారిలో ఆగిపోయాయి. పండితులిద్దరికీ చెరొక ప్రతి ఇచ్చాను. ఇద్దరూ చూసి, మాటల సంఖ్య తగ్గిందని చెప్పారు, విడివిడిగా. క్యాంపు పిల్ల అప్పటికే పరీక్ష ప్యాసై వెళ్లిపోయింది. గుంతకల్లులో ట్రైనింగులో చేరిందని విన్నాను. నేను ఆ పద్నాలుగు మాటలే చాలా ఏళ్లు చెప్పాను. మిగతావి చేర్చమని పైవాళ్లకు ఒక ఉత్తరం రాద్దామనుకుని రాయలేదు.

హెడ్మిస్ట్రెస్‌కు సొంత ఊరి వైపు బదిలీ అయింది. చివరి రోజు సాయంత్రం ఆవిడ గదిలో పుస్తకాలు సర్దుతుంటే నేను సాయం చేశాను. ఆయా మూలన ఊడుస్తోంది. రెండేళ్లుగా వాళ్లిద్దరి మధ్య గంట, తాళం, నీళ్లు తప్ప వేరే మాట లేదు. నేను ట్రంకు పెట్టె బయటికి తీసుకుపోతుంటే వెనక హెడ్మిస్ట్రెస్ గొంతు వినిపించింది. చాలా మెల్లగా, కన్నడంలో.

"తప్పాయితు" అంది. తప్పయిపోయింది అని.

చీపురు చప్పుడు ఆగలేదు. హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు దాని డబ్బాలో పెట్టుకుని, నన్ను దాటుకుని జట్కా దగ్గరికి వెళ్లిపోయింది.

బండి వెళ్లాక నేను లోపలికి వచ్చాను. ఆయా చెత్త ఎత్తుతోంది.

"ఏమో అన్యాది గదా ఆయమ్మ నీతో?" అన్నాను.

"అన్యాదేమో. నేను ఊడుస్తాంటి, సరిగా ఇనలేదు" అంది.

వినకపోవడం ఆమెకు చేతనైన పని కాబట్టి, నిజంగా వినలేదో, విని వదిలేసిందో నేను రెట్టించి అడగలేదు. ఆమె కిటికీలు మూసింది, నేను గదికి తాళం వేశాను. సోమవారం ధారవాడ వైపు నుంచి కొత్త హెడ్మిస్ట్రెస్ వచ్చి చేరింది. మధ్యాహ్నం పిల్లలతో పాటు వరండాలో కూర్చుని, జేబురుమాలులో తానే తెచ్చుకున్న జొన్నరొట్టె విప్పి తింది.